యాక్సిడెంట్లు ఏమీ లేవు

మా వసుమతి వదిన పిరికిది కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇక నేను చెప్పబోయేదంతా ఆవిడ భయం గురించే. కాకినాడలో డాక్టరు చదువు పూర్తిచేసి, 1976లో చంకలో పిల్లతో షికాగోలో దిగి, మంచులో కారు నడపడం నేర్చుకుని, కత్తిపోట్లతో వచ్చినవాళ్ళకి చెయ్యి వణక్కుండా కుట్లు వేసిన మనిషి. అలాంటి మనిషి ఆరేళ్ళపాటు తుమ్ముకి భయపడింది. దగ్గుకి భయపడింది. అన్నిటికంటే ఎక్కువగా నవ్వుకి భయపడింది.

మేముండేది షికాగో పక్కనున్న అరోరాలో, ఒకే వీధిలో. ఆవిడ ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరు, నేను ఆ ఆసుపత్రి లైబ్రరీలో ఉద్యోగిని. నా పేరు నళిని. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పిల్లల్ని స్కూలు బస్సెక్కించేటప్పుడు పలకరించుకుని, వారం తిరక్కుండా వదినా అంటే వదినా అనుకోవడం మొదలుపెట్టాం. అంత దగ్గరగా ఉండి కూడా ఆవిడ కష్టం నేను కనిపెట్టలేదు. అసలు కనిపెట్టకుండా ఉండడానికే కదా ఆవిడ అంత అవస్థ పడింది.

విషయం చివరిదాకా దాచి మిమ్మల్ని హడలగొట్టే ఓపిక నాకు లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. రాయమని ఆవిడే అంది. 1979లో రెండోవాడు ఉదయ్ పుట్టాడు. పిల్లాడు బరువు, కాన్పు కష్టం, చివరికి ఫోర్సెప్స్ వేసి తీశారు. అప్పటినుంచీ దగ్గినా తుమ్మినా, కుర్చీలోంచి గబుక్కున లేచినా ఆవిడకి తెలియకుండానే చీర తడిసిపోయేది. ఎప్పుడో ఒకసారి కాదు, రోజూ.

దాంతో ఆవిడ బతుకంతా దాని చుట్టూ అల్లుకుపోయింది. ముదురు రంగు చీరలు తప్ప కట్టేది కాదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకుని, ఆ పక్కనే కూర్చునేది. పొద్దున్నించీ గుక్కెడు మంచినీళ్ళు తాగేది కాదు. ఎవరైనా జోకులు వేస్తుంటే మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మనవాళ్ళు ఊరుకుంటారా, డాక్టరమ్మకి పొగరు, మనతో నవ్వితే ముత్యాలు రాలిపోతాయనుకుంటుంది అన్నారు.

ఇండియా నుంచి ఎవరొచ్చినా నయాగరా చూపించడం మా అందరికీ తప్పనిసరి తద్దినం. వాళ్ళాయన శ్యామ్‌సుందర్ అన్నయ్య ఏటా బయల్దేరదీసేవాడు, ఆవిడ ఏటా ఏదో వంక చెప్పేది. పది గంటల కారు ప్రయాణం ఒక భయమైతే, అక్కడికి చేరాక ఆ నీళ్ళ హోరు ఇంకో భయం. కుళాయి తిప్పిన చప్పుడుకే ఆవిడకి ప్రాణం మీదికొచ్చేది, నయాగరా ముందు నిలబడితే ఏం కాను?

మరి డాక్టరు కదా, డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటారు. వెళ్ళింది. అక్కడే వచ్చింది తంటా అంతా.

అమెరికావాళ్ళు ఏ మాటా తిన్నగా అనరు. మనిషి చచ్చిపోయాడనరు, పాసయ్యాడంటారు. మనకేమో చిన్నప్పటినుంచీ పాస్ అంటే వేరు. టీచర్, పాస్‌కి వెళ్ళొస్తాను అని వేలు చూపించిన వాళ్ళమే అందరం. వచ్చిన కొత్తలో ఒక నర్సు, ఫలానా పేషంటు తెల్లవారుజామున పాసయ్యాడు డాక్టర్ అంటే, వసుమతి వదిన సీరియస్‌గా ఎంత అని అడిగింది. ఆ నర్సు మొహం ఆవిడ ఎప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత చాలాకాలం తనకి తెలియని మాట ఎదురైతే తిరిగి అడగడానికి జంకేది.

కాన్పయిన ఆరు వారాలకి పరీక్షకి వెళ్ళింది. డాక్టరు పెద్దాయన, మర్యాదస్తుడు. నిద్ర పడుతోందా, పిల్లాడు పాలు తాగుతున్నాడా అని అన్నీ అడిగి, చివర్లో యాక్సిడెంట్లు ఏమైనా అవుతున్నాయా అన్నాడు. ఇక్కడివాళ్ళు బట్టలు తడుపుకోవడాన్ని యాక్సిడెంటు అంటారని ఆవిడకి అప్పటికి తెలియదు. కారు సంగతి అడుగుతున్నాడనుకుంది. పసిపిల్లాడితో వెళ్తున్నాం కాబట్టి అడుగుతున్నాడేమో అనుకుని, "యాక్సిడెంట్లు ఏమీ లేవు డాక్టర్, మా ఆయన చాలా మెల్లగా నడుపుతాడు" అంది.

ఆయన పకపకా నవ్వి, భుజం తట్టి, కాయితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడేదో చమత్కారంగా లేదని చెప్పిందనుకున్నాడు పాపం. ఏడాది తర్వాత వార్డులో ఒక నర్సు అదే మాట ఎవరో ముసలాయన్ని అడుగుతుంటే ఆవిడకి అర్థం బోధపడింది. అప్పుడు వెనక్కి వెళ్ళి, అయ్యా ఆ రోజు నేను తప్పుగా విన్నాను అని ఎలా చెప్పడం? తను స్వయంగా డాక్టరు. సిగ్గుతో చితికిపోయింది.

పోనీ మొగుడికి చెప్పుకుందామా అంటే, ఏ మాటతో చెప్పాలి? మూత్రం అంటే పాఠం చెప్తున్నట్టుంటుంది. ఉచ్చ అంటే పసిపిల్లలకి, లేకపోతే తిట్టడానికి. ఒంటేలు అనేది అత్తగారి తరం మాట. ఇంత పెద్ద తెలుగులో ముప్పైయెనిమిదేళ్ళ ఆడది మర్యాదగా మొగుడికి చెప్పుకునే మాట ఒక్కటీ లేదు. ఈ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇలా ఉండగా ఆసుపత్రిలో ఆవిడకి పాఠాలు చెప్పే పని పడింది. చదువు ముగించి పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్లు ఉంటారు, రెసిడెంట్లంటారు. వాళ్ళకి వారానికో గంట ముసలివాళ్ళ జబ్బుల గురించి చెప్పాలి. మిగతా డాక్టర్లెవరికీ అది అక్కర్లేకపోయింది, అందుకే ఈవిడ నెత్తిన పెట్టారు. క్లాసు మా లైబ్రరీ వెనక గదిలో. మూత్రం ఆగకపోవడం అనే పాఠం వచ్చిన రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. స్లైడులు వేసింది, బొమ్మలు చూపించింది. ముందు వరసలో ఇద్దరు నవ్వుకున్నారు. వెనక వరసలో నోవాక్ అనే ఆరడుగుల మనిషి గురకపెట్టి నిద్రపోయాడు.

ఆ వారమే వార్డులోకి ఒక ముసలావిడ వచ్చింది. చర్చికి వెళ్ళడం మానేసి ఇంట్లో కూర్చుని, తిండి తగ్గించి చిక్కిపోయింది. నోవాక్ ఆవిడని యాక్సిడెంట్లు అవుతున్నాయా అని అడిగాడు, లేదంది, లేదని రాసుకున్నాడు. వసుమతి వదిన వెళ్ళి మంచం మీద కూర్చుని తిన్నగా అడిగింది. ముసలావిడ ఈవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే, ఒంట్లో నీరు తీసేసే మాత్ర ఒకటి పొద్దుటికి మారిస్తే సగం కష్టం తీరిపోయింది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, ఆ కుర్ర డాక్టర్లకి చెప్తే బుర్రకెక్కదు వదినా, వాళ్ళచేత ఆడించాలి అంది.

అలా తయారైంది మా వైకుంఠపాళి. నా కొత్త దుప్పటి, ఒక్కసారైనా పరవలేదు, దానిమీద గళ్ళు గీయించింది. ముగ్గులు వేసే చెయ్యి కదా అని పాములన్నీ నాచేతే వేయించింది. మా అత్తగారి పెట్టెలోంచి గవ్వలు తీశాం. దుప్పటి నేలమీద పరిచి, రెసిడెంట్లు కాయల్లా దానిమీద నిలబడాలి. ఒకరు పేషంటు, పక్కన కుర్చీలో కూర్చుంటారు. చీట్ల దొంతరలోంచి ఓ చీటీ తీస్తే అందులో డెబ్భై దాటిన మనిషి ఎవరిదో ఓ కష్టం ఉంటుంది. మోకాళ్ళ నొప్పితో బాత్రూం దాకా నడవలేని ఆయన, వేళ్ళు వంకరపోయి జిప్పు తీసుకోలేని ఆవిడ, మలబద్ధకంతో అవస్థపడే ఆయన. గవ్వలేసినవాడు డాక్టరు. ప్రశ్నలడిగి కారణం పట్టుకోవాలి. మందులు ఏ వేళకి వేసుకుంటారు, బాత్రూం ఎంత దూరం అని అడిగితే నిచ్చెన. డొంకతిరుగుడుగా అడిగితే పాము. పైన వైకుంఠం ఉండే చోట తడవని పక్కబట్టలు ఉన్న మంచం బొమ్మ వేయమంది.

అన్నిటికంటే పెద్ద పాము చివరి వరసలో ఉంది. యాక్సిడెంట్ అనే మాట ఎవడు వాడినా, ఎక్కడున్నా సరే, ఆ పాము నోట్లో పడి మొదటి గడికి రావాలి. ఇంత చిన్న మాటకి అంత శిక్షేమిటి వదినా అని అడిగాను. "ఆ మాట అడిగితే మనుషులు లేదనేస్తారు వదినా. అనేశాక ఇంక నోరు తెరవరు" అని లేచి బాత్రూంలోకి వెళ్ళిపోయింది.

ఇంకో నియమం కూడా పెట్టింది. పేషంటు కుర్చీలో కూర్చునేవాళ్ళు తెల్లకోటు విప్పి తలుపు దగ్గర కొక్కేనికి తగిలించి రావాలి. తెల్లకోటు వేసుకుని ఎవరూ పేషంటు కాలేరు అంది. ఆ నియమమే తన పీకలమీదికి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఆట పట్టుకుంది. ఆ గంట కోసం రెసిడెంట్లు ముందే వచ్చి కూర్చునేవాళ్ళు. నోవాక్ మాత్రం ప్రతివారం పెద్ద పాము నోట్లో పడేవాడు. నాలుక తిరిగేది కాదు వాడికి, యాక్సిడెంట్ అనేసి నెత్తి కొట్టుకునేవాడు. ఓడి ఓడి చీట్లన్నీ కంఠస్థం వచ్చేశాయి. గదంతా నవ్వులు. ఆ నవ్వులే ఈవిడకి గండం. పెదాలు బిగించి, కిటికీ వైపు తిరిగి, అరచేతిలో గోళ్ళు గుచ్చుకునేది. మేడమ్‌కి ఆట నచ్చడం లేదా అని ఒక పిల్ల నన్ను అడిగింది కూడా.

అక్టోబరులో ఆవిడకి జలుబు పట్టుకుంది. దగ్గు. ఆ వారమంతా ఆవిడ మొహంలో నెత్తురు లేదు. సరిగ్గా అప్పుడే మా ఆసుపత్రి పెద్ద డాక్టరు హాల్వర్సన్, ఈ లైబ్రరీలో అంత నవ్వు ఏమిటో చూస్తానని క్లాసుకి వస్తానన్నాడు. దానికితోడు ఆ రోజు పెద్దపిల్ల విద్య పుట్టినరోజు. ఎప్పుడూ ఆ నల్లచీరలేనా మమ్మీ అని పిల్ల పేచీ పెడితే కాదనలేక లేత గులాబీ రంగు చీర కట్టుకుంది. పైన తెల్లకోటు ఉంటుంది కదా అని ధైర్యం.

క్లాసు మొదలై పది నిమిషాలు కాలేదు, పేషంటుగా కూర్చోవలసిన పిల్లని ఎమర్జెన్సీ వాళ్ళు పిలిచారు. కుర్చీ ఖాళీ. హాల్వర్సన్ సరదా పడి, మీరే కూర్చోండి డాక్టర్, ఆట మీదే కదా అన్నాడు. ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు, ఏదో సభాకంపం అనుకున్నాను. తర్వాత మెల్లగా కోటు విప్పింది. గదికి అవతలి చివర, తలుపు దగ్గర తగిలించింది. వచ్చి కూర్చుంది. ఆ కుర్చీకి లేత గోధుమరంగు గుడ్డ, నేనే ఏరికోరి తెప్పించాను.

ఆవిడ చీటీ తీసింది. గవ్వలు నోవాక్‌వి. వాడు చివరి వరసలో, మంచం బొమ్మకి రెండు గళ్ళ దూరంలో ఉన్నాడు. ఒక్క మాట జారితే పెద్ద పాము. అందరూ ఊపిరి బిగపట్టి వాడి నోటివంక చూస్తున్నారు. వాడు యా అని మొదలుపెట్టి టక్కున ఆగాడు. గది ఘొల్లుమంది. ఈవిడకి నవ్వు వచ్చింది, నవ్వు మింగబోతే దగ్గు వచ్చింది, ఆ దగ్గు ఒకపట్టాన ఆగలేదు.

ఆగాక ఆవిడ కదల్లేదు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద బిగుసుకుపోయాయి. మొహం పాలిపోయింది. అప్పుడు నాకు తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను, ఆడదాన్ని, ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. ఇన్నేళ్ళ నల్లచీరలూ, వంటింట్లోకి వెళ్ళిపోవడాలూ, నయాగరా వంకలూ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇప్పుడు ఈవిడ లేస్తే పెద్ద డాక్టరు ముందు, ఇంతమంది కుర్రాళ్ళ ముందు పరువు పోతుంది. లేవకపోతే ఎంతసేపు కూర్చుంటుంది?

నోవాక్ గొంతు సవరించుకుని, ఈసారి తిన్నగా అడిగాడు. "దగ్గినప్పుడు మీకు తెలియకుండా మూత్రం పడుతుందా అమ్మా?"

ఆవిడ చీటీవంక చూడలేదు. "పడుతుంది" అంది.

"ఎప్పటినుంచి?"

"మా అబ్బాయి పుట్టినప్పటినుంచి. వాడికిప్పుడు ఆరేళ్ళు."

ఎవరూ పట్టించుకోలేదు. చీటీ ఆవిడ చేతిలో ఉంది, అందులో ఏముందో వాళ్ళకేం తెలుసు. కానీ చీట్లన్నీ కంఠస్థం వచ్చినవాడు ఒకడున్నాడు. డెబ్భై ఏళ్ళకి తక్కువ వయసు దేంట్లోనూ లేదు. నోవాక్ మొహంలో నవ్వు మాయమైంది. ఒక్క క్షణం తడబడ్డాడు. వాడు ఏమంటాడోనని చూస్తున్నాను. వాడు మాత్రం ఆట ఆపలేదు, గొంతు తగ్గించి, ఏ డాక్టరుకైనా చెప్పారా అని అడిగాడు.

"ఒకాయన అడిగారు. యాక్సిడెంట్లు ఏమైనా అవుతున్నాయా అన్నారు. మా ఆయన మెల్లగా నడుపుతాడని చెప్పాను."

గది దద్దరిల్లింది. హాల్వర్సన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అద్భుతంగా నటిస్తున్నారు డాక్టర్ అన్నాడు. నవ్వనివాళ్ళం ముగ్గురమే, ఆవిడా, నేనూ, నోవాక్.

ఆట ప్రకారం చివర్లో డాక్టరు ఏం చేస్తాడో చెప్పాలి. నోవాక్ ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. ఇది కాన్పు వల్ల కండరాలు వదులవడం. ఆ కండరాలు బిగించే వ్యాయామాలున్నాయి, నేర్పేవాళ్ళున్నారు, వాటితో తగ్గకపోతే ఆపరేషన్ ఉంది. ఆరేళ్ళు భరించవలసిన జబ్బు కాదు. మీరు సరేనంటే ఈ వారమే ఒక డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఈ మాటలన్నీ ఆవిడ చెప్పిన పాఠంలోవే. తన పాఠం తనకే ఎవరో మొదటిసారి చెప్తున్నట్టు వింటూ కూర్చుంది.

వాడు రెండు గళ్ళూ దాటి మంచం బొమ్మ మీద నిలబడ్డాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే వాడు దుప్పటి దిగి, గది ఆ చివరికి నడిచి వెళ్ళి, కొక్కేనికున్న ఆవిడ కోటు తీసుకొచ్చాడు. గెలిచినవాడు పేషంటుకి కోటు తొడగాలి, ఇవాళ్టినుంచి ఇది కొత్త నియమం అన్నాడు. కుర్చీ వెనక అడ్డంగా నిలబడి కోటు విప్పి పట్టుకున్నాడు. ఆవిడ లేచి, చేతులు దూర్చి, గుండీలన్నీ పెట్టుకుంది. ఈలోగా నేను పెద్ద గొంతుతో అందరినీ కాఫీకి తోలాను. హాల్వర్సన్‌ని అయితే దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. నేను వెనక్కి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. కుర్చీ మీద నా దుప్పటి కప్పి ఉంది.

ఆ దుప్పటి గురించి నేను ఆవిడని ఏమీ అనలేదు. సాయంత్రం నా లైబ్రరీ బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. షికాగోలో ఒక లేడీ డాక్టరు ఉందట, నాతో వస్తారా వదినా అంది. వస్తానన్నాను. మీ ఆయన వద్దా అంటే, ఆయనకి ఇవాళ ఇంటికెళ్ళి చెప్తాను, ఏదో ఒక భాషలో చెప్తాను అంది.

ఆ వారమే వెళ్ళాం, కారు నేనే నడిపాను. బాత్రూం ఉన్న ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆపనా అని అడిగాను, తల అడ్డంగా ఊపింది. ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా చేతిరుమాలు మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది. ఒకసారి లేచి, పోదాం పదండి వదినా, ఇంకోరోజు వద్దాం అంది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. లోపలికి నన్నూ రమ్మంది.

డాక్టరు మంచి పిల్ల, మా ఇద్దరికంటే చిన్నది. నవ్వుతూ కూర్చోమంది. కాన్పులెన్ని, ఆపరేషన్లేమైనా ఉన్నాయా, మందులేం వాడుతున్నారు అని వరసగా అడిగింది. వసుమతి వదిన అన్నిటికీ డాక్టరు గొంతుతో టకటకా జవాబులు చెప్పింది. అప్పుడు ఆ పిల్ల కాయితంలోంచి తలెత్తకుండానే, చాలా మర్యాదగా, యాక్సిడెంట్లు ఏమైనా అవుతున్నాయా అంది.

వసుమతి వదిన చెయ్యి నా చేతిలో ఉంది. లేదనేస్తుందనే అనుకున్నాను.

"యాక్సిడెంట్లు ఏమీ లేవు డాక్టర్" అంది ఆవిడ. "నాకు దగ్గితే మూత్రం పడిపోతుంది. ఆరేళ్ళ నుంచి. రాసుకోండి."